పెరట్లో కుర్చీ ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. తూర్పు ముఖంగా ఉన్న మేడ ఇల్లు. వెనక, అంటే పడమర వైపు, పెరడు ఉంది. ఉత్తర దక్షిణాలు 40 అడుగులు, ఇంటి నుంచి వెనక గోడ దాకా 30 అడుగులు. చుట్టూ 5 అడుగుల ప్రహరీ. వాయవ్య మూల ఒక కొబ్బరి చెట్టు, నైరుతి వైపు ఒక మునగ తప్ప మిగిలినదంతా పిచ్చిమొక్కలు, ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలు. దక్షిణాన పొరుగువారిది రెండంతస్తుల ఇల్లు. సాయంత్రాలు ఇంటిల్లిపాదీ కూర్చోవడానికి ఒక చోటు, దాని చుట్టూ వంటకు పనికొచ్చే మొక్కలు ఉండాలని నా కోరిక. మా అబ్బాయి ఫోనులో వీడియోలు చూపించి, వెనక గుమ్మానికి ఆనించి టైల్స్ పరిచి రేకుల షెడ్డు వేద్దామని, మిగతాదంతా పచ్చిక పెంచుదామని అంటాడు. మా అత్తగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడ ఉన్న జాగా అంతా కూరగాయల మళ్లు చేయమంటారు. ఆదివారాలు ఎనిమిది మందిమి అవుతాం. దోమలు సరే, కోతులు కూడా వస్తాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం

సమాధానం: ఏ మొక్కలు కొనాలన్న ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. ముందు కుర్చీ సంగతి తేల్చుకోవాలి. మీ అబ్బాయి చూపించిన వీడియోలు ఏ ఊరివో నాకు తెలియదు కానీ, అలాంటి వాటిలో ఎక్కువ భాగం ఎండ కోసం మొహం వాచిన దేశాల పెరళ్లు. అక్కడివాళ్లు ఇంటి గోడకు ఆనుకుని ఎండ పడే చోట కూర్చుంటారు. దొరికిన నాలుగు నెలల ఎండను వదులుకోరు. మనకు ఆ కొరత లేదు. మీ ఇంటి వెనక గోడ పడమర గోడ. వేసవిలో అది మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా కాగుతుంది, చీకటి పడ్డాక కూడా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. దానికి ఆనుకుని రేకుల షెడ్డు వేస్తే వెనక గోడ, పైన రేకు కలిసి మిమ్మల్ని కాలుస్తాయి. నాలుగు గంటలకు టీ కప్పుతో కూర్చుంటే సూర్యుడు సూటిగా కళ్లలో పడతాడు. రెండు ఆదివారాలు చూసి అందరూ మళ్లీ హాల్లోకి వెళ్లిపోతారు, ఆ షెడ్డులో పాత సైకిలు చేరుతుంది.

మీ పెరటికి కూర్చునే చోటు అవతలి చివర ఉంది. పడమర ప్రహరీ పక్కన, దక్షిణానికి జరిగి. అక్కడ ఎందుకంటే, సాయంత్రానికి ఆ గోడే మీకు నీడ ఇస్తుంది. ఏప్రిల్ నెలాఖరున సాయంత్రం 5 గంటలకు మన ప్రాంతంలో సూర్యుడు ఎంత వాలి ఉంటాడంటే, 5 అడుగుల గోడ నీడ తూర్పుకు 12 అడుగులు దాటి పరుచుకుంటుంది. నాలుగున్నరకు కొంచెం తక్కువ. ఆ గోడ మీద మూడడుగుల ఎత్తున వెదురు దడి కట్టి తీగ పాకిస్తే నాలుగింటికే కూర్చోవచ్చు. వేసవిలో సూర్యుడు తిన్నగా పడమరన కాక కొంచెం ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు కాబట్టి, కూర్చునే చోటుకు వాయవ్యంలో ఒక చెట్టు కూడా ఉంటే ఇక చెప్పనక్కరలేదు. కొబ్బరి చెట్టు ఆ పని చేస్తుందనుకోకండి. దాని సంగతి తరువాత చెబుతాను.

నా మాట నమ్మి తాపీమేస్త్రీని పిలవవద్దు. ఒక సాయంత్రం నాలుగు, ఐదు, ఆరు గంటలకు నీడ ఎక్కడిదాకా వచ్చిందో సున్నంతో గీతలు గీయండి. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు తీసుకెళ్లి ఆ గీతల లోపల ఒక వారం పాటు నిజంగానే కూర్చోండి. గాలి ఎటు నుంచి వస్తోంది, పొరుగువారి కిటికీ సరిగ్గా మీ మీదికి తెరుచుకుంటోందా, వాళ్ల మోటారు చప్పుడు ఎంత వినబడుతోంది, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. వాస్తు చూసేవారు ఇంట్లో ఉంటే పేచీ ఉండదులెండి. పెద్ద చెట్లు పడమర, దక్షిణాల్లో పెట్టమనే వాళ్లూ చెబుతారు.

ఎనిమిది మంది కూర్చోవడానికి 12 అడుగుల చదరం సరిపోతుంది. అన్నీ కుర్చీలే వేస్తే అది కూడా ఇరుకవుతుంది. గోడ పొడవునా పది అడుగుల అరుగు కట్టించండి, ఎత్తు అడుగున్నర, వెడల్పు అంతే. ఐదుగురు దాని మీదే సర్దుకుంటారు. అత్తగారికి మాత్రం చేతులున్న కుర్చీ వేయాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి అరుగు మీద నుంచి లేవడం కష్టం, చేతులు ఆనించడానికి ఏదో ఒకటి ఉండాలి.

నేలకు నున్నటి టైల్స్ వద్దు. మొదటి వానకే ఎవరో ఒకరు జారతారు. తాండూరు బండలు, షాబాద్ బండలు మీకు దగ్గరలోనే దొరుకుతాయి. పాలిష్ పట్టని గరుకు బండలు అడగండి. కింద దిమ్మిస చేసిన మట్టి, దాని మీద మూడు నాలుగు అంగుళాల ఇసుక, ఆ పైన బండలు. సందుల్లో సిమెంటు పూయకుండా ఇసుకే నింపితే వాన నీరు అక్కడికక్కడే ఇంకుతుంది. మేస్త్రీ ఒప్పుకోడు, సిమెంటు వేయకపోతే కదులుతాయంటాడు. అంచుల్లో మాత్రం సిమెంటుతో కట్టు కట్టమనండి, కదలవు. ఎనిమిది అడుగులకు ఒక అంగుళం చొప్పున మళ్ల వైపు వాలు ఉండాలి. కడప నల్లబండ చూడటానికి అందంగా ఉంటుంది కానీ, ఎండలో కాలు పెట్టనివ్వదు. అదే బండ నీడలో ఉండే అరుగు పైన పరిపించుకోండి, బాగుంటుంది. ఇంటి గుమ్మం నుంచి అక్కడిదాకా మూడడుగుల దారి, మెట్టూ మిట్టా లేకుండా. ఈ దారి దగ్గర పిసినారితనం చూపితే అత్తగారు ఆ చివరికి వెళ్లడమే మానేస్తారు.

ఇక చుట్టూ ఏం పెట్టాలన్న సంగతి. తినే మొక్కలను మార్కెట్ ధర చూసో, రుచి చూసో ఎంచుకుంటాం. కూర్చునే చోటు పక్కన పెట్టేటప్పుడు ఇంకొకటి చూడాలి: ఆ మొక్క మనిషి పక్కన ఎలా మసలుతుంది? మీ మునగనే తీసుకోండి. వానాకాలంలో మునగకు గొంగళి పురుగులు పడతాయి. పగలు కాండం మీద గుంపులుగా పట్టుకుని ఉంటాయి, వాటి వెంట్రుక తగిలిన చోట దద్దుర్లు, దురద. పైగా మునగ కొమ్మ పెళుసు, గాలివానకు విరిగి పడుతుంది. కూరకు మునగను మించినది లేకపోవచ్చు, దాని కింద కుర్చీ మాత్రం వేయకూడదు. కొబ్బరి సంగతి మీకే తెలుసు. కాయ ఒక్కటే కాదు, ఎండిన మట్ట పడినా ప్రమాదమే. అరుగును ఆ చెట్టుకు దూరంగా దక్షిణానికి జరపమన్నది అందుకే. మామిడి నీడ చల్లన. కానీ పూత మీద తేనెమంచు పురుగు చేరే రోజుల్లో కింద కూర్చున్నవారి మీద, కుర్చీల మీద సన్నగా జిగట రాలుతుంది, ఆ జిగట మీద నల్లని బూజు పడుతుంది. పైగా అది పెద్ద చెట్టు, మీ జాగాకు ఎక్కువ. నేరేడు పండ్ల కాలంలో మీ తాండూరు బండలు ఊదారంగుకు తిరుగుతాయి. సీతాఫలం సరిగ్గా నీడ కావలసిన వేసవిలోనే ఆకు రాల్చి నిలబడుతుంది. నిమ్మ మంచిదే, ముళ్లున్నాయి కాబట్టి దారికి నాలుగడుగుల దూరంలో ఉండాలి. జామ చిన్న పెరళ్లకు పుట్టిన చెట్టే కానీ, రాలిన పండును ఏ రోజుకా రోజు ఏరకపోతే ఈగలు ముసురుతాయి, రాత్రి గబ్బిలాలు వస్తాయి.

అందుకే మీ నీడ చెట్టుగా సపోటా చెబుతున్నాను. ఏడాది పొడవునా ఆకు నిలుస్తుంది, దట్టమైన గుబురు, గాలికి తొందరగా విరగదు. అరుగుకు ఉత్తరంగా, ప్రహరీకి ఎనిమిది అడుగుల ఎడంగా ఒక్క మొక్క చాలు. క్రికెట్ బాల్, కాలిపత్తి రకాలు రెండూ మన నేలల్లో బాగా వస్తాయి. సపోటాను సాధారణంగా పాల అనే, దాని కుటుంబానికే చెందిన చెట్టు మొక్క మీద అంటుకడతారు. అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే పాల చెట్టు పెరిగి సపోటా చచ్చిపోతుంది. కడియం నుంచి వచ్చే నర్సరీ లారీల మొక్కలు మీ ఊళ్లోనూ అమ్ముతారు. కొనేటప్పుడు అంటు అతుకు స్పష్టంగా కనబడే మొక్కనే తీసుకోండి, కాయ చూపించి ఊరించే పెద్ద తొట్టి మొక్కను కాదు. ఒక్క లోపం ఉంది, సపోటా నిదానంగా పెరుగుతుంది. దాని కింద నీడ పడటానికి ఏళ్లు పడుతుంది. ఆ లోపు మీకు పందిరి కావాలి.

కూర్చునే చోటు మీద ఏడడుగుల ఎత్తున పందిరి వేయించండి. సరుగుడు, వెదురు కర్రలు చవక కానీ, మట్టిలో పాతిన మొదలు చెద తినేస్తుంది. నాలుగు ఇనుప గొట్టాలు సిమెంటు దిమ్మెల్లో నిలబెట్టి, పైన తీగ అల్లించడం మేలు. ఖర్చు తగ్గించాలనుకుంటే గొట్టాలు మాత్రం గట్టివి వేసి, పైన వెదురు పరవండి, వెదురు మార్చుకోవడం సులువు. ఆ పందిరికి దొండ పాకించండి. కాయ తేలిక, నెత్తిన పడినా నష్టం లేదు. ఆకు దట్టం. విత్తనంతో పని లేదు, బాగా కాస్తున్న పాదు నుంచి పెన్సిలంత లావు తీగ ముక్కలు, మూడు నాలుగు కణుపులున్నవి, తెచ్చి తొలకరిలో నాటితే సరి. కాస్తున్న పాదు నుంచే అని ఎందుకన్నానంటే, దొండలో మగ తీగలు వేరుగా ఉంటాయి, అవి పందిరంతా అల్లుకుని ఒక్క కాయ కూడా ఇవ్వవు. చలికాలంలో దొండ కాపు తగ్గుతుంది. అప్పుడు తీగ కత్తిరించేయండి. పందిట్లోకి వెలుతురు దిగుతుంది, చలిరోజుల్లో వెలుతురు ఎవరికి చేదు? ఎండలు ముదిరేలోగా మళ్లీ చిగురించి కప్పేస్తుంది. ఈ పందిరి వాన ఆపదు. వాన వస్తే లేచి ఇంట్లోకి నడవండి, దానికోసం రేకులు వేయకండి.

సొర, గుమ్మడి తల మీద వద్దు, బరువు. బీర, సొర, పొట్ల, కాకర తీగలకు మళ్ల వైపు, మీ కుర్చీలకు ఎదురుగా కనబడేలా నిలువు దడి కట్టండి. బీర పూలు, సొర పూలు సాయంత్రమే విచ్చుకుంటాయి. మీరు టీ తాగే వేళకు పసుపుపచ్చగా బీర పూలు, చీకటి పడేసరికి తెల్లగా సొర పూలు. కాయ పట్టకుండా పిందె పండి రాలుతుంటే, ఆ వేళలోనే ఒక మగ పువ్వు కోసి ఆడ పువ్వుకు తాకించవచ్చు. పిల్లలుంటే వాళ్లకు అప్పగించండి. పొట్లకాయ వంకర తిరగకుండా చివర చిన్న రాయి కట్టే పని అత్తగారికి ఎవరూ నేర్పనక్కరలేదనుకుంటాను.

గోడ మీది దడికి మాత్రం బచ్చలి, చిక్కుడు. బచ్చలి ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చగా ఉంటుంది, తక్కువ ఎండకు కూడా ఓర్చుకుంటుంది. పాత పెరటి చిక్కుడు విత్తనం దొరికితే జులై, ఆగస్టుల్లో పెట్టండి. పగటి పొద్దు తగ్గితే తప్ప అది పూతకు రాదు, ముందుగా పెట్టినా ఆకే పెంచుతుంది.

అత్తగారి మళ్లు పెరటికి ఉత్తర భాగంలో ఉండాలి. దీనికీ నీడే కారణం. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. మీ దక్షిణపు పొరుగువారి ఇల్లు 20 అడుగుల ఎత్తుంటే, దాని నీడ ఆ సమయానికి ఉత్తరంగా 17 అడుగుల దాకా వస్తుంది. వంగ, టమాట, మిరప వేసేది ఆ రోజుల్లోనే, వాటికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. దక్షిణపు గోడ పక్కన అవి పెడితే పొడుగ్గా సాగి ఊరుకుంటాయి. ఆ గోడ వెంబడి అల్లం, పసుపు, కంద, పుదీనా పెట్టుకోండి. జూన్‌లో పెట్టిన పసుపు దుంప సంక్రాంతి తరువాత తవ్వుకోవచ్చు, అన్నాళ్లూ ఆ ఆకులు అరుగు పక్కన నిండుగా ఉంటాయి.

మడి వెడల్పు నాలుగడుగులు దాటకూడదు, ఇరువైపుల నుంచి చెయ్యి అందాలి. గోడకు ఆనిన మడి అయితే రెండడుగులే. అత్తగారి కోసం రెండు మళ్లను ఇటుకలతో రెండడుగుల ఎత్తు లేపించండి, అంచు మీద కూర్చుని తోటకూర, గోంగూర, మెంతికూర కోసుకునేలా. జాగా అంతా మళ్లు చేయమన్న ఆవిడ ఈ రెండింటికీ ఒప్పుకుంటారనే నా నమ్మకం, ఎందుకంటే ఎత్తు మళ్లు రెండు చూసుకోవడమే ఒక మనిషికి సరిపడా పని. పచ్చిక మాత్రం నేను ఒప్పుకోను. ఖమ్మం వేసవిలో పచ్చికకు పోసే నీళ్లతో కూరగాయలన్నీ పండించవచ్చు, అదేమో కోసుకోవడానికి కూడా పనికిరాదు. మీ అబ్బాయికి ఆడుకునే వయసైతే కొంత జాగా ఉత్త మట్టిగా వదిలేయండి.

నేల గురించి ఒక హెచ్చరిక. ఇల్లు కట్టిన చోట మట్టిలో సున్నం, సిమెంటు కలిసి ఉంటాయి, మొక్క ఆకులు పాలిపోయి ఎదగదు. మళ్లు వేసే చోట ఒకటిన్నర అడుగుల లోతు తవ్వించి, ఇటుక ముక్కలు ఏరించి, చెరువు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వద్దు, వేరుపురుగును, చెదను పిలిచి పీట వేసినట్టే. వైరా కృషి విజ్ఞాన కేంద్రం మీకు దగ్గరే. మట్టి నమూనా ఎలా తీయాలో, పరీక్ష ఎక్కడ చేయించాలో అక్కడ అడిగితే చెబుతారు. ఏరిన ఇటుక ముక్కలు పారేయకండి, దారి కింద నింపడానికి పనికొస్తాయి. కుప్పగా మాత్రం ఉంచవద్దు. ఆ కుప్పలోకి ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి.

దోమలను తరిమే మొక్కలంటూ నర్సరీల్లో అమ్మేవి కొనకండి. ఆకు నలిపితే వాసన వస్తుందేమో కానీ, మొక్క ఊరికే నిలబడి దోమను ఆపదు. పని చేసేవి రెండే. ఒకటి, నిలవ నీరు లేకుండా చూడటం. డెంగీ దోమ మురుగులో కాదు, తొట్టి కింది పళ్లెంలో, పక్షులకు పెట్టిన నీళ్లలో, కొబ్బరి చిప్పలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, వారానికి ఒక రోజు అన్నీ బోర్లించి తుడవాలి. రెండోది, ఫ్యాను. దోమ గాలికి ఎదురు ఎగరలేదు. అరుగు దగ్గరకు ఒక కరెంటు పాయింటు లాగించి కాళ్ల వైపు గాలి తగిలేలా ఫ్యాను పెట్టండి. వైరు వేయించేటప్పుడే దీపం కూడా. పసుపు వెలుగున్న బల్బు, తల మీద కాకుండా దారి చివర. తెల్ల లైటు నెత్తిన పెడితే తొలకరి రాత్రి ఉసిళ్లతో భోజనం చేయాల్సి వస్తుంది.

కోతుల విషయంలో నా దగ్గర మంత్రమేమీ లేదు. జామ, బొప్పాయి పెడితే వాటికే పెట్టినట్టు. అల్లం, పసుపు, కంద, కరివేపాకు, పుదీనా, మిరప, నిమ్మ జోలికి అవి పెద్దగా రావు, మీ తోటలో సగానికి పైగా ఇవే ఉండేలా చూసుకోండి. సపోటా కాయను పక్వానికి రాగానే, పండక ముందే కోసి బియ్యంలో మగ్గబెట్టుకోవచ్చు. నాలుగు కాయలు పోయినా నీడ పోదు కదా. వంటింటి నీళ్లు బయటికి వచ్చే చోట రెండు అరటి పిలకలు నాటండి. గెల కోతుల పాలైనా ఆకు మీదే, ఆదివారం ఎనిమిది మందికి విస్తర్లు వస్తాయి.

పిల్లలు వచ్చిపోయే ఇల్లు కాబట్టి ఒక మాట. అందం కోసం గన్నేరు, పచ్చగన్నేరు ఈ పెరట్లో నాటకండి, విషం. ఏది కోసినా తినవచ్చన్న తోటలో తినకూడనిది ఒక్కటి కూడా ఉండకూడదు.

పనుల వరస ఇలా పెట్టుకోండి. ఈ వేసవిలో నీడ గీతలు, తవ్వకం, దారి, బండలు, పందిరి గొట్టాలు, కరెంటు వైరు. మొక్కలేవీ వద్దు. తొలకరి పడ్డాక దొండ, సపోటా, అల్లం, పసుపు, తీగ కూరలు. దసరా దాటాక వంగ, టమాట, కొత్తిమీర. డబ్బు చాలకపోతే అరుగు వచ్చే ఏటికి వాయిదా వేసుకోవచ్చు, దారిని మాత్రం వాయిదా వేయవద్దు. మునగను ఇప్పుడే కొట్టేయకండి. ఈ కాపు అయ్యాక నిలువెత్తు కొమ్మలు రెండు కోసి, వానలు మొదలవగానే ఉత్తరపు గోడ పక్కన పాతండి. అవి చిగురించాయని రూఢి చేసుకున్నాక పాతదాన్ని తీయించవచ్చు.